గ్వాయీ హానాస్ పేరులో ‘రిజర్వు’ ఎందుకుంది?

కెనడా పడమటి తీరానికి ఎదురుగా, సముద్రంలో విడిగా ఉన్న దీవులు హైదా గ్వాయీ. వాటి దక్షిణ భాగమే గ్వాయీ హానాస్ నేషనల్ పార్కు రిజర్వు. మనకు రిజర్వు ఫారెస్టు అంటే ప్రభుత్వం తన కింద పెట్టుకున్న అడవి. అక్కడ ఆ మాటకు దాదాపు ఎదురు అర్థం: నేల మీద అక్కడి ఆదివాసులైన హైదా ప్రజల హక్కు సంగతి తేలేదాకా, దానికి భంగం రాకుండా పార్కు నడపాలని.

1774లో స్పెయిన్ నావికుడు హువాన్ పెరెజ్ ఇక్కడికి వచ్చినా ఒడ్డున దిగలేదు. హైదాలే పడవలేసుకుని ఎదురెళ్ళి సరుకులు మార్చుకున్నారు. 1787లో జార్జ్ డిక్సన్ తన ఓడ పేరునే దీవులకు పెట్టాడు. క్వీన్ షార్లెట్ అన్న ఆ పేరు 2010 దాకా అధికారికంగా నిలిచింది. సముద్రపు నీటికుక్కల తోళ్ళకు చైనాలోని కాంటన్‌లో మంచి ధర పలికేది. వేటకు ఆ జంతువే ఇక్కడ లేకుండా పోయింది. అది తినే సీ అర్చిన్లు అనే ముళ్ళ సముద్రజీవులు అదుపు తప్పి పెరిగి, కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచును మేసేశాయి.

అంతకన్నా పెద్ద దెబ్బ మశూచి. 1862లో విక్టోరియా పట్నం నుంచి పాకింది. వేలల్లో ఉన్న హైదాలు 1900 నాటికి ఆరేడు వందలకు పడిపోయారు. బతికినవాళ్ళు ఉత్తరాన స్కిడెగేట్, మాసెట్ ఊళ్ళకు చేరారు. దక్షిణాన ఇళ్ళు అడవిలో కలిశాయి. అందుకే దీన్ని ‘మనిషి తాకని అడవి’ అనడం తప్పు, అన్యాయం కూడా.

స్గాంగ్ గ్వాయ్ ఊళ్ళో దేవదారు స్తంభాలు ఇంకా నిలిచి ఉన్నాయి. నాయకుల అస్థికల పెట్టెను స్తంభం పైన తొలిచిన గూట్లో పెట్టేవారు. ఆ గూట్లో తడి చేరి మొక్కలు మొలుస్తాయి, వేళ్ళు దిగి కర్రను చీలుస్తాయి. 1957లో కొన్నిటిని మ్యూజియాలకు తరలించారు. 1981లో ఈ ఊరికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మిగిలినవాటి చుట్టూ మొక్కలు తీస్తారు తప్ప కొత్తవి నిలబెట్టరు. మట్టిలోంచి వచ్చింది మట్టిలోకే పోవాలన్నది హైదాల నిర్ణయం.

ఇక చెట్ల నరికివేత. 1985లో ఇక్కడి లయెల్ దీవిలో కలప లారీల దారికి హైదాలు అడ్డంగా కూర్చున్నారు. 72 మందిని అరెస్టు చేశారు. 1987లో నరకడం ఆగింది. 1993 ఒప్పందం చదవాల్సిన పత్రం: నేల మాదని హైదాలు ఒక వరుసలో, మాదని కెనడా పక్క వరుసలో రాసుకుని, ఆ తగవును అలాగే ఉంచి, ఇద్దరూ సమాన సభ్యులతో బోర్డు పెట్టుకున్నారు. 2010లో చుట్టూ ఉన్న సుమారు 3,400 చదరపు కిలోమీటర్ల సముద్రాన్నీ రక్షిత ప్రాంతంలో చేర్చారు. దీవుల నేలపై హైదా హక్కును 2024లో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం, 2025లో కెనడా ఒప్పుకున్నాయి.

లోపలికి రోడ్డు లేదు, పడవలోనో సీప్లేన్‌లోనో వెళ్ళాలి. ముందుగా ఓరియంటేషన్ తప్పనిసరి. పాత ఊళ్ళ దగ్గర హైదా కాపలాదారులుంటారు. రేడియోలో పిలిచి, వాళ్ళు రమ్మన్నాకే దిగాలి. ఒకసారికి 12 మందికే అనుమతి. మిగతావాళ్ళు పడవలోనే ఆగాలి.