కొత్త గుండెకు ఊపిరితిత్తుల గండం

1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో, గ్రూట్ షూర్ ఆస్పత్రిలో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ బృందం లూయీ వాష్కాన్‌స్కీ అనే రోగికి మరొకరి గుండె అమర్చింది. మనిషికి మనిషి గుండె పెట్టడం అదే మొదలు. ఆయన 18 రోజులు బతికి న్యుమోనియాతో చనిపోయారు. పెట్టిన గుండె మాత్రం దాదాపు చివరిదాకా బాగానే పనిచేసింది.

చిక్కంతా ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో మచ్చలు కనబడ్డప్పుడు వచ్చింది. డాక్టర్లు ముందు రిజెక్షన్‌ను అనుమానించారు. అంటే శరీరం కొత్త గుండెను పరాయిదనుకుని దాడి చేస్తోందేమోనని. దాన్ని ఆపాలంటే రోగనిరోధక శక్తిని ఇంకా అణచాలి. మందులు పెంచారు. తీరా ఇన్ఫెక్షన్ అని తేలేసరికి చెయ్యి దాటిపోయింది. ఇప్పుడు కూర్చుని తప్పుపట్టడం తేలికే. అప్పటికి వాళ్లకు చూసి నేర్చుకోవడానికి అలాంటి కేసు ఒక్కటీ లేదు.

1968లో ప్రపంచమంతా కలిపి వంద దాకా గుండె మార్పిళ్లు జరిగాయి. ఎక్కువమంది కొన్ని నెలలైనా బతకలేదు. చాలా ఆస్పత్రులు ఆ ఆపరేషనే మానేశాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ షమ్‌వే బృందం మాత్రం పట్టు వదల్లేదు. 1970ల మొదట్లో అక్కడే మెడలోని రక్తనాళం గుండా సన్నటి పరికరం పంపి, గుండె కండరం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే పద్ధతి వచ్చింది. అందరూ రిజెక్షన్‌ను అణచే సైక్లోస్పోరిన్ మందు పేరే చెబుతారు గానీ, నన్నడిగితే పెద్ద మలుపు ఇదే. రిజెక్షన్ ఉందో లేదో చూసుకున్నాకే మందు పెంచే వీలు దీనితోనే దొరికింది. ఒక శిలీంధ్రం నుంచి తీసిన సైక్లోస్పోరిన్‌ను స్టాన్‌ఫర్డ్‌లో 1980 చివర్లో గుండె రోగులకు వాడటం మొదలుపెట్టారు. దాంతో స్టెరాయిడ్ల మోతాదు తగ్గించగలిగారు.

ఇంతకీ ఊపిరితిత్తులకే ఎందుకు ఈ తిప్పలు? రొమ్ము ఎముక కోసి ఉంటుంది కాబట్టి గట్టిగా దగ్గాలంటే నొప్పి. కఫం లోపలే ఉండిపోతుంది. వెంటిలేటర్ గొట్టం సూక్ష్మజీవులకు దారి ఇస్తుంది. పైగా పాత గుండె చెడి ఉన్నన్నాళ్లూ ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉంటుంది. మొదటి నెలలో ఎక్కువగా ఆస్పత్రి బ్యాక్టీరియా వంతు. ఆ తర్వాత ఆరు నెలల దాకా న్యుమోసిస్టిస్, ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రాలు, సైటోమెగలోవైరస్ అనే వైరస్ లాంటివి కాచుకుని ఉంటాయి. ఎప్పుడో ఒంట్లో చేరి నిద్రపోతున్న క్షయ కూడా లేవొచ్చు. మందుల వల్ల జ్వరం సరిగా బయటపడకపోవడం ఇంకో బాధ.

న్యుమోసిస్టిస్‌ను కోట్రైమాక్సజోల్ అనే పాత మాత్ర చాలావరకు అడ్డుకుంది. సైటోమెగలోవైరస్‌కు 1980ల చివర్లో గాన్‌సైక్లోవిర్ అనే మందు వచ్చింది. ఆస్పర్‌జిల్లస్ మాత్రం ఇప్పటికీ మొండిదే.

ఈరోజు ఎక్స్‌రేలో కొత్త మచ్చ కనబడితే రిజెక్షన్ అని ముందే తేల్చేయరు. గొట్టం దించి, ఊపిరితిత్తిలోకి సెలైన్ పంపి, తిరిగి లాగిన నీటిని ల్యాబ్‌కు పంపుతారు. రిపోర్టు వచ్చేలోపు ఏ యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, రిజెక్షన్‌ను ఆపే మందు ఎంత తగ్గించాలి అన్న టెన్షన్ ఇప్పటికీ ఉంది.