నాచు నుంచి గ్యాస్: అపోహలు - వాస్తవాలు

మురుగునీటి శుద్ధి, బయోగ్యాస్ ప్లాంట్ల పనిలో ఉన్నానని తెలియగానే చాలామంది అడిగేది ఒకటే: ఊరి చెరువు నిండా నాచు పేరుకుపోయింది కదా, దాన్ని ట్యాంకులో వేస్తే వంటకు గ్యాస్ రాదా అని. వస్తుంది. కాకపోతే ఎంత వస్తుంది, దాని కోసం ఎంత ఖర్చవుతుంది అనే లెక్క ఎవరూ చెప్పడం లేదు.

అపోహ: నాచు మీద కనిపించే బుడగలు మీథేనే.

పగలు ఎండలో నాచు వదిలే బుడగలు ఆక్సిజన్. బయోగ్యాస్‌లో మండే భాగమైన మీథేన్ పుట్టేది గాలి చొరబడని అడుగు బురదలో. డైజెస్టర్‌లో, అంటే గాలి చొరబడకుండా మూసిన బయోగ్యాస్ ట్యాంకులో జరిగేదీ అదే. నాచు చచ్చి కుళ్లాలి, బ్యాక్టీరియా దాన్ని ఆమ్లాలుగా విడగొట్టాలి, ఆ తర్వాతే వేరే జాతి సూక్ష్మజీవులు మీథేన్ తయారు చేస్తాయి. అన్నట్టు గుర్రపుడెక్క నాచు కిందికి రాదు, అది మొక్క, దాని లెక్కలు వేరు.

అపోహ: పచ్చని నీళ్లను నేరుగా డైజెస్టర్‌లోకి పంపితే చాలు.

ఎక్కువ ప్రాజెక్టులు దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. నాచు పెంచే చెరువులో లీటరుకు అర గ్రాము పొడి పదార్థం ఉంటే బాగానే ఉన్నట్టు. అంటే వెయ్యి లీటర్లకు అరకిలో. కిలో పొడి నాచుకు సుమారు 0.27 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుందనుకుంటే, ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్‌కు సమానమైన వేడి కోసం సుమారు 18 ఘనపు మీటర్లు కావాలి కాబట్టి, లక్షా ముప్ఫై వేల లీటర్లకు పైగా నీళ్లు కావాలి. డైజెస్టర్ సరిగ్గా పనిచేయాలంటే 35 డిగ్రీల దాకా వేడి ఉండాలి. ఆ పల్చటి నీళ్లను ఐదు డిగ్రీలు వేడెక్కించడానికే, వాటి నుంచి వచ్చే గ్యాస్‌లో ఉన్న శక్తికి నాలుగు రెట్లు పోతుంది. అందుకే ముందు నాచును అడుగున పేరుకునేలా చేసి, నీళ్లు తీసేసి, చిక్కటి ముద్దగా చేయాలి. అసలు ఖర్చంతా ఈ పనిలోనే ఉంది.

అలాగని ఎండబెట్టకండి! జర్మనీలోని బీలెఫెల్డ్ పరిశోధకులు 2010లో చూపించింది ఏమిటంటే, ఎండిన నాచు పచ్చి నాచు కన్నా ఐదో వంతు తక్కువ గ్యాస్ ఇస్తుంది.

అపోహ: ఏ నాచైనా ఒకటే.

అదే పరిశోధనలో క్లామిడోమోనాస్ అనే నాచు గ్రాము సేంద్రియ పదార్థానికి 587 మిల్లీలీటర్ల బయోగ్యాస్ ఇస్తే, సెనెడెస్మస్ అనే మరో రకం 287 దగ్గరే ఆగిపోయింది. తేడా కణం గోడలో ఉంది. పగలని జొన్నగింజ పేడలో అలాగే బయటికి వచ్చినట్టు, గోడ గట్టిగా ఉన్న నాచు కణాలు డైజెస్టర్ దాటి చెక్కుచెదరకుండా వచ్చేస్తాయి. కాలిఫోర్నియాలో గోల్యూకే, ఆస్వాల్డ్, గొటాస్ అనే పరిశోధకులు 1957లోనే మురుగునీటి నాచుతో ప్రయోగాలు చేసి ఈ చిక్కును గుర్తించారు. వేడి పెంచితే కొంత మెరుగవుతుంది, కానీ ఆ వేడికి పెట్టే శక్తి కూడా లెక్కలోకి రావాలి. ఇక నూనె బాగా ఉన్న రకమే కావాలి అనేది నాచు నూనెతో బయోడీజిల్ చేయాలనుకున్న రోజుల నుంచి మిగిలిన మాట. గ్యాస్‌కు ప్రొటీన్లు, పిండిపదార్థాలు కూడా పనికొస్తాయి. నూనె 40 శాతం దాటకపోతే దాన్ని విడదీయడం కన్నా మొత్తం నాచును డైజెస్టర్‌లో వేయడమే శక్తి పరంగా లాభం.

అపోహ: ప్రొటీన్ ఎక్కువ కాబట్టి నాచు ఒక్కటే చాలు.

ఆ ప్రొటీనే ఇబ్బంది, అందులో నైట్రోజన్ ఉంటుంది. సూక్ష్మజీవులకు ఒక వంతు నైట్రోజన్‌కు కార్బన్ 20 నుంచి 30 వంతులు ఉంటే హాయి, నాచులో అది చాలాసార్లు పది కూడా ఉండదు. మిగిలిపోయిన నైట్రోజన్ అమ్మోనియాగా మారి మీథేన్ చేసే జీవులను నీరసపరుస్తుంది. కార్బన్ ఎక్కువున్నది ఏదైనా కలపాలి. అమెరికాలో యెన్, బ్రూన్ అనే పరిశోధకులు నాచుకు చిత్తుకాగితం కలిపి మీథేన్ బాగా పెరిగిందని 2007లో చూపారు. మనకు వరిగడ్డి ఉంది, కాకపోతే సన్నగా తరిగి వేయండి, లేదంటే పైకి తేలి అట్టకడుతుంది.

అపోహ: సముద్రపు నాచుతో ప్రమాదం ఏముంటుంది?

చాలా ఉంది. ఉప్పునీటి నాచులో సల్ఫేటు ఎక్కువ, అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుగా మారుతుంది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో కుళ్లిన నాచులో కూరుకుపోయి 2009లో ఒక గుర్రం చనిపోయింది, దానితో ఉన్న మనిషి స్పృహ తప్పాడు. ఈ గ్యాస్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియడం కూడా ఆగిపోతుంది, కాబట్టి వాసన లేదు కదా అని గుంటలోకి దయచేసి దిగకండి, ఎవరినీ దించకండి.

అపోహ: గ్యాస్ కోసం నాచు పెంచితే లాభాలే లాభాలు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గ్యాస్ కోసమే నాచు పెంచొద్దు, నీళ్లు శుభ్రం చేయడానికి పెంచండి, గ్యాస్ దానితోపాటు వస్తుంది. స్పెయిన్‌లోని చిక్లానాలో ఆల్-గ్యాస్ ప్రాజెక్టు ఊరి మురుగునీటి మీదే నాచు పెంచి, దాని మీథేన్‌తో కార్లు నడిపింది. డెన్మార్క్‌లోని సోల్‌రోడ్ ప్లాంటు ఒడ్డుకు కొట్టుకొచ్చి కంపుకొట్టే సముద్రపు నాచును తీసుకుంటుంది, కానీ అక్కడ ప్రధాన మేత పశువుల పేడ, ఆహార పరిశ్రమల వ్యర్థాలు. రెండుచోట్లా నాచును ఎలాగూ తీయాల్సిందే కాబట్టి లెక్క కుదిరింది.

ఇంట్లో గోబర్ గ్యాస్ ప్లాంటు ఉన్నవాళ్లు చెరువు నాచు వేయాలనుకుంటే పేడలో కొద్దికొద్దిగా కలుపుతూ మొదలుపెట్టండి, ఇసుక, ప్లాస్టిక్ ఏరేయండి, నీలిపచ్చగా పెయింటు తేలినట్టు కనిపించే నాచును ఉత్త చేతులతో ముట్టుకోకండి, అందులో విషం ఉండొచ్చు. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువు నాచైతే అసలు వద్దు, అందులోని భార లోహాలు గ్యాస్‌తో పోవు, స్లర్రీతో మీ పొలంలోకే చేరతాయి.