సెమిస్టర్ ముందు కోలాటమా? ఇళ్లలో అడిగే మాటలు, నేను చెప్పే జవాబులు

నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో డిగ్రీ, పీజీ పిల్లలకు కోలాటం నేర్పుతుంటాను. పరీక్షల తేదీలు రాగానే ఎవరో ఒకరి ఇంటి నుంచి ఫోన్ వస్తుంది: "సార్, పరీక్షలు దగ్గరికొచ్చినయ్, ఇంకా ఎగురుడేనా?"

అపోహ: గంట ఆడితే గంట చదువు పోయినట్టే.

వాస్తవం: పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు సాయంత్రాలు 50 నిమిషాల చొప్పున ఆడితే అది పూర్తవుతుంది. ఆడితే మార్కులు పెరుగుతాయని మాత్రం నేను మాట ఇవ్వను.

అపోహ: గదిలో ఒక్కరే ఫోన్ చూసి ఆడినా ఇంతే కదా.

వాస్తవం: ఇంతే కాదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రెజిల్‌లో 264 మంది హైస్కూల్ విద్యార్థులతో నాట్యం చేయించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. అందరూ ఒకే అడుగు, ఒకే తాళంలో ఆడినప్పుడు నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగింది, తోటివాళ్ల మీద దగ్గరితనం కూడా పెరిగింది. ఒళ్లు అలిసేలా ఆడినా ఈ లాభం కనిపించింది. కానీ కలిసి అడుగు వేయడం వల్ల వచ్చే లాభం దానికి అదనం.

కోలాటంలో ఇది నేను రోజూ చూస్తాను. లోపలి వరుస ఒకవైపు, బయటి వరుస మరోవైపు తిరుగుతుంటే జంట మారుతూనే ఉంటుంది. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో కొత్తగా హాస్టల్‌కు వచ్చి, మెస్సులో ఒక్కతే కూర్చుని తినే పిల్లకు పాట అయ్యేలోపు అందరి కోలా తగులుతుంది. పేర్లు తర్వాత తెలుస్తాయి. కోపు (అడుగుల వరస) తప్పితే ఎదుటి పిల్లే కళ్లతో సైగ చేసి దారిలో పెడుతుంది. నెల తిరిగేసరికి ఆ ఇద్దరూ నోట్సులు మార్చుకోవడం చూశాను.

అపోహ: ఇది ఆడపిల్లల ఆట.

వాస్తవం: మన ఊళ్లలో చిరుతలు (చేతిలో మోగించే చెక్క తాళాలు) పట్టి రాత్రంతా భజన ఆడింది మగవాళ్లే. మీ తాతను అడగండి.

అపోహ: ఆడితే డిప్రెషన్ పోతుంది.

వాస్తవం: ఈ మాట నన్ను భయపెడుతుంది. వ్యాయామం, డిప్రెషన్ మీద 218 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష 2024లో వచ్చింది. అందులో నాట్యానికి మంచి ఫలితమే కనిపించింది. అయితే నాట్యం మీద జరిగిన అధ్యయనాలు కొన్నే, కాబట్టి దాన్ని వైద్యంగా చెప్పుకోకూడదు. రెండు వారాలుగా నిద్ర పట్టక, తిండి సయించక, దేని మీదా మనసు నిలవకపోతే డాక్టరును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అలాంటి పిల్ల వస్తే ముందు అక్కడికే పంపుతాను. వరుసలో ఆమె చోటు ఆమె కోసమే ఉంచుతాం.