పల్లాడియం ఎలా పని చేస్తుంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంట్లో పెద్దవాళ్లెవరైనా బీపీకి లోసార్టన్ వేసుకుంటున్నారా? ఆ మందు అణువులో రెండు బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. విడిగా ఉన్న వలయాలను అలా కలపడం ఒకప్పుడు రసాయనవేత్తలకు పెద్ద తలనొప్పి. ఒకదానికి క్లోరిన్, బ్రోమిన్ లాంటి హాలోజన్, రెండోదానికి బోరాన్ తగిలించి, పల్లాడియం అనే లోహాన్ని కాస్త వేస్తే కలుస్తాయని జపాన్‌లో అకిరా సుజుకి బృందం చూపించింది. 2010లో ఆయనకూ, పల్లాడియంతో ఇలాంటి చర్యల మీదే పనిచేసిన హెక్‌కూ, నెగిషీకీ కలిపి నోబెల్ వచ్చింది. మెర్క్ కంపెనీవాళ్లు లోసార్టన్ తయారీకి ఈ చర్యనే వాడుకున్నారు.

ఇక్కడ పల్లాడియం ఉత్ప్రేరకం. ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనదని ఎవరైనా చెబితే నమ్మకండి. పల్లాడియం కార్బన్-హాలోజన్ బంధం మధ్యలో దూరుతుంది, రెండో వలయాన్నీ తన మీదికి తెచ్చుకుంటుంది, రెండింటినీ కలిపి వదిలేసి మళ్లీ మొదటి రూపానికి వస్తుంది. అందుకే కొంచెం వేసినా చాలు.

లోహం ముద్దగా ఉంటే మాత్రం పైన ఉన్న పరమాణువులకే పని, లోపలివన్నీ దండగ. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే నానోమీటరు (సెంటీమీటరులో కోటో వంతు) ఘనాలుగా కోస్తే 6,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరంన్నర. కాగితం తీసుకుని ఈ లెక్క మీరే వేయండి. పైగా అంచుల్లో, మూలల్లో ఉన్న పరమాణువులకు చుట్టూ తోటి పరమాణువులు తక్కువ కాబట్టి, బయటి అణువులను ఇట్టే పట్టుకుంటాయి. దేనితోనూ కలవదనుకున్న బంగారం కూడా అంతే. సన్నటి కణాలుగా చేస్తే సున్నా డిగ్రీల కంటే బాగా చల్లగా ఉన్నా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సిజన్‌తో కలుపుతుందని జపాన్ శాస్త్రవేత్త హరుటా 1987లో ప్రకటించారు.

చిక్కేమిటంటే ఈ కణాలు ఒకదానికొకటి అంటుకుని మళ్లీ ముద్దయిపోతాయి. వాటిని విడివిడిగా నిలపడానికి ఒక ఆధారం కావాలి. ఈ విషయంలో మన హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో జరిగిన పని నాకెంతో ఇష్టం. 2002లో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం బృందం మెగ్నీషియం, అల్యూమినియంలతో చేసిన పొరల పదార్థాన్ని తీసుకుంది. దాని పొరలకు ధనావేశం ఉంటుంది. రుణావేశమున్న పల్లాడియం క్లోరైడ్ అయాన్లను అందులో చేర్చి, క్షయకరణం చేసి (అంటే ఎలక్ట్రాన్లు అందించి లోహంగా మార్చి), అక్కడికక్కడే నానో కణాలుగా మార్చారు. క్లోరిన్ ఉన్న వలయాలు చవకే కానీ వాటి బంధం గట్టిది. అప్పట్లో దాన్ని తెంచడానికి ఖరీదైన ఫాస్ఫీన్లు (పల్లాడియానికి తోడుగా ఉండే ఫాస్ఫరస్ అణువులు) వేసేవాళ్లు. ఈ ఉత్ప్రేరకం అవేవీ లేకుండానే ఆ పని చేసింది. వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు కూడా.

మందుల తయారీలో వడగట్టడం చిన్న విషయం కాదు. నోటితో వేసుకునే మందు ద్వారా రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి పల్లాడియం ఒంట్లోకి వెళ్లకూడదని నియమం ఉంది.

ఒక్కోసారి పల్లాడియం పరమాణువులు కణం నుంచి ద్రావణంలోకి జారి, అక్కడ పని చేసి, చల్లారాక తిరిగి ఆధారం మీదికి చేరతాయి. చల్లార్చి వడగడితే ఈ సంగతి బయటపడదు. చర్య సగంలో ఉండగా, వేడివేడిగానే వడగట్టి, ఆ ద్రవాన్ని ఇంకాస్త సేపు వేడి మీద ఉంచాలి. చర్య ఇంకా సాగుతోందంటే లోహం జారినట్టే. రేపు మీలో ఎవరైనా ల్యాబ్‌లో చేరి, "మా క్యాటలిస్ట్‌ను ఇన్నిసార్లు వాడాం" అన్న మాట వింటే, "వేడిగా ఉండగా వడగట్టి చూశారా?" అని తప్పకుండా అడగండి.

ప్రేమతో,
మీ తాతయ్య