కొండ మసకా, వేలు మసకా? గేముల్లో బ్లర్ గురించి అపోహలు - వాస్తవాలు

మా పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, గేమ్ సెట్టింగ్స్‌లో ఇంగ్లీషు. నేను గేముల గ్రాఫిక్స్ పని చేస్తానని తెలిసిన కుర్రాళ్ళు, సెలవులకు ఊరొస్తే చాలు, లాప్‌టాప్‌లు పట్టుకొచ్చేస్తారు. "అన్నా, ఈ డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ఏటి, ఉంచాలా తీసియ్యాలా?" ఫోకస్ ఉన్న దూరంలోవి స్పష్టంగా ఉంచి, మిగతావి మసకబార్చే సెట్టింగ్ అది. దీనికి 'క్షేత్ర గాఢత' అని ఏదో మాట కట్టొచ్చు గానీ, గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి, అంత ధైర్యం లేదు. బ్లర్ అనే అందాం.

అపోహ: దూరపువి మసగ్గానే కనిపిస్తాయి కదా, గేమ్ కూడా అదే చూపిస్తోంది.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. డాబా ఎక్కి మహేంద్రగిరి వైపు కొండలు చూడండి. పాలిపోయి నీలంగా ఉంటాయి. అది మధ్యలో ఉన్న గాలి, అందులోని తేమ, దుమ్ము చేసే పని. గేముల్లో దానికి ఫాగ్ అని వేరే సెట్టింగ్ ఉంది. రంగు పలచబడినా కొండ అంచు మాత్రం చెదరదు. ఇప్పుడు బొటనవేలు ముక్కుకు జానెడు దూరంలో పెట్టి గోరు చూడండి, కొండ అలుక్కుపోతుంది. చూపు కొండ మీదికి మార్చండి, ఈసారి వేలు అలుక్కుపోతుంది. కొండ జరగలేదు, వేలూ జరగలేదు. మారింది ఫోకస్.

గేమ్ కెమెరాకు అసలు లెన్సే ఉండదు. సూదిబెజ్జంలోంచి చూసినట్టు గడ్డిపరక నుంచి కొండదాకా అన్నీ స్పష్టంగా గీసేస్తుంది. ఏ పిక్సెల్ ఎంత దూరమో డెప్త్ బఫర్‌లో రాసుకుంటుంది. దాన్ని చూసి మేం లేని లెన్స్‌ను లెక్కగడతాం. 36 మి.మీ. వెడల్పు సెన్సర్, 50 మి.మీ. లెన్స్, ఎఫ్/2 (అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి), ఫోకస్ 2 మీటర్ల దగ్గర అనుకోండి. ఎక్కడో దూరాన ఉన్న దీపపు చుక్క 1920 పిక్సెళ్ళ వెడల్పు తెర మీద సుమారు 34 పిక్సెళ్ళ బిళ్ళవుతుంది. రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8 పెడితే ఎనిమిదిన్నరే.

అపోహ: వెనకదంతా బ్లర్ అయితే గేమ్ తేలికవుతుంది.

తేలికవదు, బరువెక్కుతుంది. ముందు అంతా గీశాకే చెరుపుతాం, ఆ చెరపడం అదనపు పని. 60 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లే ఉంటాయి. అందుకే చాలాసార్లు బ్లర్‌ను అడ్డంగా, నిలువుగా సగం రిజల్యూషన్‌లో, అంటే పావు వంతు పిక్సెళ్ళతో సరిపెడతాం.

అపోహ: ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుంటే బ్లర్ తప్పులు పోతాయి.

ఒకసారి టీకొట్టు సీను చేశాను. ఫోకస్ బిస్కట్ల సీసా మీద. బిస్కట్లు స్పష్టంగా, మూత స్పష్టంగా, మధ్యలో ఖాళీ గాజు మీది మెరుపు మాత్రం వెనక గోడతో పాటు అలికేసినట్టు! గాజు, పొగ లాంటివి సాధారణంగా డెప్త్ బఫర్‌లో తమ దూరం రాయవు. అక్కడ గోడే ఉందనుకుంది బ్లర్. గాజును బ్లర్ తర్వాత గీస్తే ఆ సీసా బాగుపడింది. కానీ ఫోకస్‌లో లేని పక్క సీసా కూడా తళతళలాడింది. కార్డు మార్చినా ఇదే తంతు. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్‌లో జుట్టు చివర్లు కోసేసినట్టు వచ్చేదీ ఇలాంటి తప్పే, అక్కడ దూరం అంచనా గురి తప్పుతుంది.

అపోహ: మోషన్ బ్లర్ పెడితే తక్కువ ఎఫ్‌పీఎస్ సరిపోతుంది.

మోషన్ బ్లర్ అంటే కదిలేవాటిని కదిలే దిశలో అలకడం. కంటికి కొంత సాఫీగా ఉంటుంది, అంతే. 30 ఎఫ్‌పీఎస్‌లో కొత్త ఫ్రేము రావడానికి 33.3 మిల్లీసెకన్లు పడుతుంది. బటన్ నొక్కిన చేతికి ఆ ఆలస్యం ఎక్కడికీ పోదు.

మరి ఉంచాలా? కథ నడిచే కట్‌సీన్లలో ఉంచండి, అక్కడ ఎటు చూడాలో దర్శకుడే చెబుతాడు. ఆడేటప్పుడు నేనైతే తీసేస్తాను. నా చూపు తెరమీద ఏ మూలన ఉందో మామూలు గేముకు తెలియదు, అది సాధారణంగా తెర మధ్యలో ఉన్నదాన్నే నమ్ముకుంటుంది. తీసేసినా తెరంతా మసగ్గానే ఉందంటే రిజల్యూషన్ స్కేల్ (తెర రిజల్యూషన్‌లో ఎంత శాతంతో గేమ్ గీస్తుందో చెప్పేది) 100 కన్నా తక్కువుందేమో, టీఏఏ (పాత ఫ్రేములను కలిపి అంచుల గరుకు తగ్గించేది) ఆన్‌లో ఉందేమో చూడండి. మొన్న ఒక తమ్ముడి లాప్‌టాప్‌లో స్కేల్ 50 ఉంది. పాపం, వారం రోజులుగా డెప్త్ ఆఫ్ ఫీల్డ్‌ను తిడుతున్నాడు.