జైలు మ్యూజియం నుంచి కోర్టు హాలు దాకా: కాలేజీ టూర్ల మీద అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కరీంనగర్ వైపు నుంచి డిగ్రీ, లా పిల్లల్ని నేరం-న్యాయం పాఠానికి బయటికి తీసుకెళ్లే లెక్చరర్ల కోసం ఇది.

అపోహ: జైలు చూపిస్తే భయంతో దారిలో ఉంటారు.

వాస్తవం: ఉండరు. అమెరికాలో కుర్రాళ్లను జైలుకు తీసుకెళ్లి ఖైదీల చేత భయపెట్టించే కార్యక్రమాలు 1970ల్లో మొదలయ్యాయి. తర్వాతి పరిశీలనల్లో, వెళ్లనివాళ్ల కంటే వెళ్లొచ్చినవాళ్లే ఎక్కువగా నేరాల్లో పడ్డట్టు తేలింది. సంగారెడ్డి పాత జైలు 1796 నాటిదని చెబుతారు. 2016లో దాన్ని మ్యూజియం చేసి, రూ.500 కడితే 24 గంటలు ఖైదీలా గడిపే ఏర్పాటు కూడా పెట్టారు. సెల్ఫీలకు బాగానే ఉంటుంది. పాఠం కావాలంటే పిల్లల చేతికి టేపు ఇవ్వండి. బ్యారక్ పొడవు, వెడల్పు, కిటికీ ఎత్తు కొలిచి, ఎంతమందిని ఉంచేవారో సిబ్బందిని అడిగి, మనిషికి ఎన్ని చదరపు అడుగులు వచ్చేదో లెక్క కట్టమనండి. ఘట్‌కేసర్ దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ముత్తంగి దగ్గర దిగితే హన్మకొండ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. పొద్దున 5కే కదలాలి. జైళ్ల శాఖతో తేదీ ఖాయం కాకుండా బస్సు మాట్లాడకండి.

అపోహ: వరంగల్ సెంట్రల్ జైలు ఉండగా అంత దూరమెందుకు?

వాస్తవం: 1886 నాటి ఆ జైలు ఇప్పుడు లేదు, ఆస్పత్రి కోసం 2021లో పడగొట్టారు. రాజకీయ ఖైదీ అంటే ఎవరో చెప్పాలంటే నిజామాబాద్ ఖిల్లాకు వెళ్లండి. నిజాంను ఎదిరించిన కవి దాశరథి బందీగా ఉండి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసింది అక్కడే.

అపోహ: మ్యూజియం అద్దాల పెట్టెలో రక్తపు చొక్కా ఉందంటే నేరం రుజువైనట్టే.

వాస్తవం: చొక్కా కంటే దానికి కట్టిన చీటీ ముఖ్యం. క్రైమ్ నంబరు, ఎక్కడ ఎప్పుడు దొరికింది, పంచుల (స్వాధీనం చేసుకునేటప్పుడు ఉన్న సాక్షుల) సంతకాలు, లక్క సీలు: ఇందులో ఏది తేడా పడ్డా డిఫెన్సు లాయరు అక్కడే పట్టుకుంటాడు. కోర్టులో ప్రాసిక్యూషన్ కాగితాలు పి-1, పి-2 అవుతాయి, వస్తువులు ఎంఓ-1, ఎంఓ-2 (ఎంఓ అంటే మెటీరియల్ ఆబ్జెక్ట్). రక్తం తడి ఆరకముందే బట్టను ప్లాస్టిక్ కవర్లో కడితే బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. నీడలో ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలి. ఇది చూపించడం తేలిక: టూరుకు వారం ముందు రెండు గుడ్డముక్కలు పాలలో ముంచి, ఒకటి తడిగానే పాలిథిన్‌లో, రెండోది ఆరబెట్టి కాగితంలో పెట్టండి. ఆ రోజు రెండూ విప్పితే చాలు, వాసనే చెబుతుంది.

అపోహ: పౌడరు చల్లగానే వేలిముద్ర కనబడుతుంది.

వాస్తవం: ఎక్కువసార్లు పాడయ్యేది పౌడరు ఎక్కువై, బ్రష్ గట్టిగా నొక్కడం వల్లే. పొడి గాజు గ్లాసు తీసుకుని, దాని మీద వేలు నొక్కించండి. చల్లటి నీళ్లు పోసింది పనికిరాదు, చెమర్చిన చోట పౌడరు ముద్దకడుతుంది. మెత్తటి బ్రష్ కొసకు చిటికెడు గ్రాఫైట్ పొడి అంటించి, విదిలించి, గీతలు కనబడే దాకా తేలిగ్గా తిప్పాలి. గీతలు తేలగానే ఆపేయాలి. సెలోటేపును ఒక అంచు నుంచి గాలి బుడగ రాకుండా పరిచి, ఎత్తి తెల్ల కార్డు మీద అతికించాలి. అన్నట్టు, 1897లో కలకత్తాలో మొదలైన వేలిముద్రల బ్యూరోలో వర్గీకరణ లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ల పై అధికారి, బెంగాల్ పోలీసు పెద్ద ఎడ్వర్డ్ హెన్రీ దొరది.

అపోహ: మ్యూజియంలో హత్యకు 302, మోసానికి 420 అని పాత సెక్షన్లు రాసిన బోర్డులు తప్పు.

వాస్తవం: 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత): హత్యకు 103, మోసానికి 318. అంతకు ముందు జరిగినవి ఇప్పటికీ పాత చట్టం ఐపీసీ (భారత శిక్షాస్మృతి) కిందే నడుస్తున్నాయి. కాబట్టి పిల్లల చేత రెండు నంబర్లూ రాయించండి.

అపోహ: కోర్టులోకి బయటివాళ్లను రానివ్వరు.

వాస్తవం: కోర్టు విచారణ పద్ధతి చెప్పే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 366 ప్రకారం విచారణ బహిరంగమే, అత్యాచారం వంటి కేసులు మాత్రం తలుపులు మూసి, బయటివాళ్లు లేకుండా జరుగుతాయి. అయినా 30 మంది ఒక్కసారిగా హాల్లోకి పోతే కూర్చోను చోటుండదు. ముందే జిల్లా జడ్జికి లేఖ ఇచ్చి, ఆరుగురు చొప్పున పంపండి, ఫోన్లు బయటే పెట్టించండి. సుత్తి కొట్టే జడ్జి సినిమాల్లోనే ఉంటాడు. పొద్దంతా కూర్చున్నా వాయిదాలే వినబడొచ్చు. అవీ రాసుకోమనండి: ఏ కేసు, ఎందుకు వాయిదా, మళ్లీ ఏ తేదీ. అత్యాచార బాధితురాలి పేరు చెవిన పడితే మాత్రం నోటుబుక్కులో కూడా రానివ్వకండి. ప్రచురిస్తే బీఎన్ఎస్ 72 కింద రెండేళ్ల దాకా శిక్ష ఉంది.