విండో పీరియడ్ ఎవరికైనా ఒకటే

పోయిన ఎండాకాలం హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంక్ ముందు లైన్‌లో నిలబడ్డాను. మా బంధువుకి ఆపరేషన్. రెండు యూనిట్లు ఎక్కించారు, బదులుగా ఇద్దరు దాతలను తెమ్మన్నారు. నా ముందు ముప్పై ఏళ్ళ ట్రాన్స్ మహిళ ఉంది. పై వార్డులో ఉన్నది ఆమె గురువు. కన్నవాళ్ళు వెళ్ళగొడితే చోటిచ్చి, అన్నం పెట్టిన మనిషి.

"మేడం, మూణ్ణెల్లకోసారి టెస్ట్ చేయించుకుంట. రిపోర్టు ఫోన్లనే ఉంది, చూడండి" అంటోంది.

కౌంటర్‌లో అమ్మాయి కసురుకోలేదు. "రిపోర్టు సంగతి కాదక్కా, రూల్ ఒప్పుకోదు. మీవాళ్ళు ఇంకెవరన్నా ఉంటే పిలవండి" అంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. తోడు వచ్చిన నలుగురూ హిజ్రాలే. ఆమెకు 'మీవాళ్ళు' అంటే వాళ్ళే.

ఆ అమ్మాయి చెప్పిన రూల్ నిజంగానే ఉంది. 2017 అక్టోబర్‌లో జాతీయ రక్తమార్పిడి మండలి దాతల ఎంపికకు మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 12వ నిబంధన హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి ప్రమాదం ఉన్నవాళ్ళ పేర్లు చెబుతూ ట్రాన్స్‌జెండర్లను, పురుషులతో సంబంధం ఉన్న పురుషులను, సెక్స్ వర్కర్లను, మత్తు ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళను చేర్చింది. 51వ నిబంధన వీళ్ళను శాశ్వతంగా దూరం పెట్టమంది. అదే పుస్తకం ప్రకారం మలేరియా వచ్చి తగ్గినవాళ్ళు మూడు నెలలు ఆగితే చాలు. టాటూ వేయించుకుంటే పన్నెండు నెలలు. సూది ఎంత శుభ్రమైనదో తెలియదు కాబట్టి ఏడాది ఆగమనడంలో న్యాయం ఉంది. ఏడాది తర్వాత ఆ అనుమానం తీరిపోతుంది. ట్రాన్స్‌జెండర్ విషయంలో మాత్రం గడువే లేదు.

ఈ గడువులన్నీ ఎందుకో తెలియాలంటే విండో పీరియడ్ గురించి చెప్పుకోవాలి. దానం చేసిన ప్రతి యూనిట్‌కీ మన దేశంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. కానీ వైరస్ ఒంట్లోకి వచ్చిన రోజే పరీక్షకు దొరకదు. హెచ్‌ఐవీ మొదటి వారం పది రోజులు కణజాలంలో, లింఫ్ గ్రంథుల్లో పెరుగుతుంది. అప్పుడు రక్తంలో దాని జాడ తెలియదు. తర్వాత రక్తంలోకి వచ్చి, ఒక రోజు తిరగకముందే రెట్టింపవుతూ పోతుంది. వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా వెతికే న్యాట్ పరీక్ష సుమారు 10, 11 రోజులకు పట్టుకుంటుంది. పీ24 అనే వైరస్ ప్రోటీన్‌ను కూడా చూసే కొత్త తరం ఎలైసా రక్తపరీక్షకు రెండు వారాల పైన పడుతుంది. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలను మాత్రమే చూసే పాత ఎలైసాకైతే సుమారు మూడు వారాలు. వైరస్ సోకినా పరీక్షకు దొరకని ఈ మధ్యకాలమే విండో పీరియడ్. అప్పుడు ఇచ్చిన రక్తం రిపోర్టులో 'నెగెటివ్' అనే వస్తుంది, ఎక్కించుకున్నవాళ్ళకు మాత్రం జబ్బు వస్తుంది. హెపటైటిస్ బికి ఈ విండో ఇంకా పొడవు, మామూలు పరీక్షలో అయిదారు వారాలు. మూడు నెలలు ఆగితే వీటన్నిటినీ దాటేసినట్టే.

అంటే రక్తం భద్రంగా ఉందో లేదో తేల్చే అసలు ప్రశ్న, గత మూడు నెలల్లో ఈ మనిషికి వైరస్ సోకే అవకాశం వచ్చిందా అన్నది. పెళ్ళయిన మగవాడైనా, కాలేజీ అమ్మాయైనా, హిజ్రా అయినా విండో పీరియడ్ ఒక్కటే.

అవతలి వైపు వాదనలో కూడా బలం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. 2017 జాతీయ సర్వేలో హిజ్రా, ట్రాన్స్‌జెండర్లలో హెచ్‌ఐవీ 3.14 శాతం ఉంటే, దేశంలో వయోజనులందరిలో కలిపి 0.22 శాతమే. పద్నాలుగు రెట్లు! రాజేంద్రనగర్ వైపు థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీకి పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నలను తలుచుకోండి. రెండు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే బిడ్డకు పదేళ్ళలో దాదాపు రెండు వందల మంది దాతల రక్తం వెళుతుంది. ఆ తల్లి భయాన్ని వివక్ష అనడానికి నాకు నోరు రాదు.

కానీ ఆ 3.14 ఎవరిని లెక్కపెడితే వచ్చింది? హెచ్‌ఐవీ నివారణ ప్రాజెక్టులకు వచ్చేవాళ్ళను. ఆ ప్రాజెక్టులు ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళ కోసమే నడుస్తాయి. ఆఫీసు ఉద్యోగం చేసుకునే ట్రాన్స్ మహిళ ఆ లెక్కలో ఉండదు. ట్రాన్స్ పురుషులు, అంటే ఆడపిల్లలుగా పుట్టి మగవాళ్ళుగా బతికేవాళ్ళు, మామూలుగా ఆ చర్చలోనే కనిపించరు, నిషేధం మాత్రం వాళ్ళకూ వర్తిస్తుంది. ఆ లెక్కనే పట్టుకున్నా, నూటికి తొంభై ఆరు మందికి పైగా వైరస్ లేదు. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి హెచ్‌ఐవీ చికిత్స కేంద్రంలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు చేరారు. విండో పీరియడ్ అంటే ఏమిటో రోగులకు చెప్పగల వాళ్ళు కూడా ఆ మార్గదర్శకాల ప్రకారం దాతలు కాలేరు.

ఇంకో దేశం ఏం చేసిందో చూద్దాం. బ్రిటన్ 2021 జూన్ నుంచి దాతలందరినీ ఒకే ప్రశ్నలు అడుగుతోంది. గత మూడు నెలల్లో కొత్త భాగస్వామి గానీ, ఒకరికంటే ఎక్కువ మంది గానీ ఉండి, యానల్ సెక్స్ జరిగిందంటే ఆగమంటుంది. ఆ భాగంలో పొర పల్చగా ఉంటుంది, వైరస్ సులువుగా లోపలికి వెళుతుంది, అందుకే ఆ ప్రశ్న. అడిగేది ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ కూడా. అమెరికా 2023లో దాదాపు ఇదే పద్ధతికి వచ్చింది. హెచ్‌ఐవీ రాకుండా ముందుగా వాడే ప్రెప్ మాత్రలు వేసుకుంటున్నవాళ్ళను కూడా కొంతకాలం ఆగమంటారు. ఆ మందు వైరస్‌ను పరీక్షకు దొరకనంత తక్కువ చేసి చూపించే ప్రమాదం ఉంది.

దాత భద్రత అని కూడా ఒకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఫారంలో 'ఆడ, మగ' అడిగేది ఊరికే కాదు. మగవాళ్ళు 90 రోజులకోసారి, ఆడవాళ్ళు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. నెలసరి వల్ల ఆడవాళ్ళలో ఇనుము నిల్వ తక్కువ, 350 మిల్లీలీటర్ల రక్తంతో 150 మిల్లీగ్రాములకు పైగా ఇనుము పోతుంది. మరి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తీసుకునే ట్రాన్స్ పురుషుడికి ఎర్రకణాలు పెరుగుతాయి. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తీసుకునే ట్రాన్స్ మహిళకు హిమోగ్లోబిన్ కొంత తగ్గుతుంది. అందరికీ 12.5 గ్రాములు ఉండాలి కాబట్టి వేలి మీద ఒక చుక్క తీసి చూస్తే తేలే విషయమే ఇది. గర్భం దాల్చిన ఒంట్లో కొన్ని యాంటీబాడీలు ఉంటాయి, వాటివల్ల రోగి ఊపిరితిత్తులకు అరుదుగా హాని జరుగుతుంది. అందుకే ఎప్పుడైనా గర్భం దాల్చారా అన్న ప్రశ్న ట్రాన్స్ పురుషుడినీ అడగాలి. తలుపు దగ్గరే వెనక్కి పంపేస్తే ఇవేవీ అడిగే అవసరమే రాదు, మనం నేర్చుకునేదీ ఉండదు.

మనిషి ఎవరన్నదాన్ని బట్టే అనుమానించడం ఈ ఊరికి కొత్త కాదు. నిజాం కాలంలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో వచ్చిన చట్టం హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టర్‌లో రాయమంది. ఆడవాళ్ళ బట్టల్లో బయట కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో కొట్టేసింది. రక్తదాన నిబంధనల మీద మణిపూర్‌కు చెందిన ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారిణి వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2021లో నోటీసులిచ్చింది. 2025 మేలో, ట్రాన్స్‌జెండర్లందరికీ ప్రమాదకరమన్న ముద్ర వేస్తున్నామా అని ప్రశ్నించి, నిపుణుల అభిప్రాయం తీసుకోమని కేంద్రానికి చెప్పింది.

నిబంధన మారినా పని అంతటితో అయిపోదు. షామియానా కింద, పక్కన దోస్తులు నిలబడి ఉండగా, గత మూడు నెలల్లో ఎంతమందితో అని అడిగితే ఎవరు నిజం చెబుతారు? ఒక గది, కాస్త ఓపికున్న కౌన్సెలర్, అన్ని బ్లడ్ బ్యాంకుల్లో న్యాట్ కావాలి. న్యాట్ ఇప్పటికీ మన దగ్గర తప్పనిసరి కాదు. నాకు అన్నిటికంటే ముందు అది తప్పనిసరి కావాలనిపిస్తుంది.

ఆ రోజు ఆ గురువు కోసం వాట్సాప్ మెసేజ్ చూసి ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్ళు బైక్ మీద వచ్చారు. మంచి పిల్లలు, ఎండలో అంత దూరం నుంచి వచ్చారు. ఫారంలో రెండో పేజీ నిండా ప్రశ్నలున్నాయి. కౌంటర్‌లో అమ్మాయి వేలితో అడుగున చూపించి "ఇక్కడ సంతకం పెట్టండి అన్నా" అంది. ఇద్దరూ చదవకుండానే పెట్టి లోపలికి వెళ్ళారు. వాళ్ళ ఫోన్లు పట్టుకుని ఆ ట్రాన్స్ మహిళ బయట నిలబడింది.